టీ మీద షరతు: గో భాషకు జెనరిక్స్ అంత ఆలస్యంగా ఎందుకు వచ్చాయి

గూగుల్‌లో తయారైన గో అనే ప్రోగ్రామింగ్ భాష 2009 నవంబరులో అందరికీ అందుబాటులోకి వచ్చింది. అందులో జెనరిక్స్, అంటే ఒకే కోడ్ పలు టైపులకు (సంఖ్య, పాఠం లాంటి విలువల రకాలకు) పనిచేసేలా రాయడం కుదిరింది మాత్రం 2022 మార్చి 15న, 1.18 విడుదలతో. మధ్యలో పన్నెండేళ్లు. కొత్తగా గో నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ అడుగుతుంటారు, మిగతా భాషల్లో ఎప్పుడో ఉన్నదానికి ఇంతకాలం ఎందుకు పట్టిందని. టైపు స్థానంలో టీ అనే అక్షరం పెట్టడం కష్టమేమీ కాదు. ఆ టీ ఎలాంటి టైపు అయి ఉండాలో షరతు రాయడం దగ్గరే అందరూ ఆగిపోయారు.

ముందు ఇబ్బంది ఏమిటో చూద్దాం. రెండు విలువల్లో చిన్నదాన్ని తిరిగిచ్చే ఫంక్షన్ కావాలి. ఇంట్‌కి (పూర్ణాంకం) ఒకటి రాస్తాం, ఫ్లోట్‌కి (దశాంశ సంఖ్య) మళ్లీ రాస్తాం, స్ట్రింగ్‌కి (అక్షరాల వరస) మళ్లీ రాస్తాం. లోపలి లాజిక్ అక్షరం మారదు, పైన టైపు పేరు ఒక్కటే తేడా. భాషతోపాటే వచ్చే స్టాండర్డ్ లైబ్రరీకి కూడా ఇది తప్పలేదు. సార్ట్ ప్యాకేజీలో ఇంట్స్, ఫ్లోట్64స్, స్ట్రింగ్స్ అని ఒకే పనికి మూడు ఫంక్షన్లు ఉండేవి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో జాబితాలోంచి డూప్లికేట్లు తీసేసే ఫంక్షన్‌కి ఐదు కాపీలు ఉండేవి. ఒక బగ్‌ను నాలుగింటిలో సరిచేసి ఐదోదాన్ని మరిచిపోయాం. అది దొరికేదాకా మా టీంకి రెండు రోజులు టెన్షనే.

ఇంకో దారి ఖాళీ ఇంటర్‌ఫేస్. ఇంటర్‌ఫేస్ అంటే ఒక టైపుకు ఉండాల్సిన మెథడ్ల (ఆ టైపుకు కట్టిన ఫంక్షన్ల) జాబితా. ఖాళీదానిలో ఏ షరతూ ఉండదు. అందులో ఏ విలువైనా పడుతుంది. కానీ బయటికి తీసేటప్పుడు అది ఏ టైపో మనమే చెప్పాలి. తప్పు చెబితే కంపైలర్ (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చేది) పట్టుకోదు, ప్రోగ్రాం నడుస్తుండగా పానిక్ అవుతుంది, అంటే మధ్యలో కూలిపోతుంది.

గో రూపకర్తలకు ఇది తెలియక కాదు. 1970లలోనే ఎంఐటీలో బార్బరా లిస్కోవ్ బృందం చేసిన సీఎల్‌యూ భాషలో, టైపు పారామీటర్‌కు ఏయే ఆపరేషన్లు ఉండాలో ‘వేర్’ (where) అని రాసి చెప్పే ఏర్పాటు ఉంది. సీ ప్లస్‌ప్లస్‌లో జెనరిక్స్ పని చేసే టెంప్లేట్లలో అలా షరతు చెప్పే వీలు లేకపోవడంతో, తప్పు టైపు ఇస్తే ఎర్రర్ టెంప్లేట్ లోపల ఎక్కడో పేలేది, పేజీలకు పేజీలు వచ్చేది. అక్కడ షరతుల కోసం తెచ్చిన కాన్సెప్ట్స్‌ను 2009 జులైలో ప్రమాణ ముసాయిదా నుంచి తీసేశారు. అవి చివరికి సీ ప్లస్‌ప్లస్ 20లో వచ్చాయి. జావా 2004లో జెనరిక్స్ తెచ్చింది, కానీ కంపైల్ అయ్యాక టైపు సమాచారం చెరిగిపోయే పద్ధతిలో.

2009 డిసెంబరులో గో బృందంలోని రస్ కాక్స్ ఈ చిక్కును సూటిగా చెప్పారు. జెనరిక్స్ వదిలేస్తే ప్రోగ్రామర్ల పని నెమ్మదిస్తుంది. ప్రతి టైపుకీ వేరే కాపీ తయారుచేస్తే కంపైలర్ నెమ్మదిస్తుంది, ప్రోగ్రాం సైజు ఉబ్బుతుంది. అన్నిటినీ ఒకే రూపంలోకి సర్దితే ప్రోగ్రాం నడక నెమ్మదిస్తుంది. ఈ మూడింటిలో దేన్ని భరించాలి?

ఆ తర్వాత గో బృందంలోనే ఉన్న ఇయాన్ లాన్స్ టేలర్ 2010లో ఒకటి, 2011లో ఒకటి, 2013లో రెండు, మొత్తం నాలుగు ప్రతిపాదనలు రాశారు. వాటిలో ఏదీ సరిపోదని తనే ఒప్పుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే గౌరవం కలిగించేది ఇదే. ఒకసారి భాషలోకి వచ్చినదాన్ని వెనక్కి తీయలేరు కాబట్టి, సగం బాగున్నదాన్ని ఆయన ముందుకు తోయలేదు.

2018 ఆగస్టులో టేలర్, గో రూపకర్తల్లో ఒకరైన రాబర్ట్ గ్రీసెమర్‌ల ముసాయిదా ‘కాంట్రాక్ట్’ అనే కొత్త పదంతో వచ్చింది. కాంట్రాక్ట్ చూడటానికి ఫంక్షన్‌లాగే ఉంటుంది. ఎక్స్ కంటే వై చిన్నది అని లోపల ఒక నమూనా లైన్ రాస్తే, ఆ పోలికకు ఒప్పుకునే టైపులు మాత్రమే చెల్లుతాయని అర్థం. రాయడానికి హాయిగానే ఉంది. చిక్కు ఎక్కడంటే, ఒకే షరతును పది రకాలుగా రాయొచ్చు, ఒక లైనుకి ఏయే టైపులు సరిపోతాయో తేల్చడం చదివేవాళ్లకూ కంపైలర్‌కూ కష్టమే. పైగా చాలామంది అడిగిన ప్రశ్న: ఇంటర్‌ఫేస్ ఉండగా కాంట్రాక్ట్ ఎందుకు?

2020 జూన్‌లో ఆ ప్రశ్నకే తలవంచారు. కాంట్రాక్ట్‌లు పోయి, ఇంటర్‌ఫేసే షరతు అయింది. అంతకుముందు హాస్కెల్ భాషలోని టైపు క్లాసుల మీద, జావా జెనరిక్స్ మీద పనిచేసిన ఫిలిప్ వాడ్లర్‌ను గో రూపకర్తల్లో మరొకరైన రాబ్ పైక్ సాయం అడగడం, ఆయనా మరికొందరూ గో బృందంతో కలిసి ఈ టైపు వ్యవస్థను గణితపరంగా పరీక్షించడం ఈ దశలోనే జరిగాయి.

ఒక్క ముడి మిగిలింది. ఇంటర్‌ఫేస్ మెథడ్ల గురించి చెబుతుంది. గోలో ‘కంటే చిన్నది’ అనే గుర్తు మెథడ్ కాదు. అందుకే ఇంటర్‌ఫేస్ లోపల టైపులనే వరసగా రాసే వీలు ఇచ్చారు: ఇంట్ లేదా ఫ్లోట్64 లేదా స్ట్రింగ్. ఆ టైపులన్నీ ఒప్పుకునే ఆపరేషన్ ఏదైనా ఫంక్షన్ లోపల వాడుకోవచ్చు. మరి ఇంట్ మీద కట్టిన ‘రూపాయలు’ అనే సొంత టైపు సంగతి? ఇంట్ అని మాత్రమే రాస్తే అది చెల్లదు. దానికోసం 2021లో ~ గుర్తు తెచ్చారు. ఇంట్ ముందు దాన్ని పెడితే, ఇంట్ పునాదిగా ఉన్న ప్రతి టైపూ లెక్కలోకి వస్తుంది. (రూపాయలు అన్నది ఇక్కడ ఉదాహరణకే. కొమ్ములూ దీర్ఘాలూ ఉన్న పేర్లను గో కంపైలర్ ఒప్పుకోదు, అది ఇంకో పాత బాధ.)

ప్రతిపాదనకు 2021 ఫిబ్రవరిలో ఆమోదం దొరికింది. అమలులో కాక్స్ చెప్పిన చిక్కుకు మధ్యేమార్గం ఎంచుకున్నారు. పునాది టైపు ఒకటే అయిన టైపులకు ఒకే కాపీ, పాయింటర్లన్నిటికీ (మెమరీ చిరునామాలు పట్టుకునే టైపులకు) కలిపి ఒకటి. అసలు టైపు ఏదో చెప్పే ఒక డిక్షనరీని కాల్‌తోపాటు పంపిస్తారు. దీనివల్ల కొన్నిచోట్ల కోడ్ కాస్త నెమ్మదిస్తుంది.

షరతుల పని అంతటితో తీరలేదు. రెండు విలువలు సమానమో కాదో చూడగలగాలి అనే ‘కంపారబుల్’ షరతు దగ్గర ఇంటర్‌ఫేస్ టైపులు చిక్కుకున్నాయి. మ్యాప్‌కి (కీ ఇచ్చి విలువ వెతికే పట్టికకి) కీగా పనికొచ్చే టైపే ఈ షరతుకు మాత్రం సరిపోయేది కాదు. 2023 ఫిబ్రవరిలో 1.20 దాన్ని సడలించింది. అయితే లోపల పోల్చలేని విలువ ఉంటే నడుస్తుండగా పానిక్ అవుతుంది. అదే ఏడాది ఆగస్టులో 1.21తో చిన్నాపెద్దా పోల్చగలగాలి అనే ‘ఆర్డర్డ్’ షరతు స్టాండర్డ్ లైబ్రరీలో చేరింది, దాంతోపాటు మిన్, మ్యాక్స్ భాషలోనే భాగమయ్యాయి. రెండు విలువల్లో చిన్నదాన్ని ఇచ్చే ఆ ఫంక్షన్‌ను ఇప్పుడు ఎవరూ రాయనక్కర్లేదు.