బుక్‌షెల్ఫ్ స్పీకర్ల మీద అపోహలు, అసలు సంగతులు (బడ్జెట్ తక్కువున్నవాళ్ల కోసం)

ఇళ్లల్లో స్పీకర్లు అమర్చడం, పాడైనవి బాగుచేయడం నా పని. సలహా అడిగేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే, "ఎన్ని వాట్స్‌ది కొనమంటారు?" అని. డబ్బు బాగా ఉన్నవాళ్లు తప్పు సరుకు కొన్నా మళ్లీ కొనుక్కుంటారు. లెక్క చూసుకుని కొనేవాళ్లకి ఆ వీలు లేదు, అందుకే ఈ అపోహలన్నీ వాళ్లకే ఎక్కువ నష్టం. టీవీ సౌండు, పార్టీ సౌండు సంగతి పక్కనపెట్టి, కూర్చుని పాటలు వినడానికి ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే షెల్ఫ్ మీద పట్టేంత చిన్న పెట్టెలు, కొనడం గురించే రాస్తున్నాను.

అపోహ: వాట్స్ ఎక్కువుంటే సౌండ్ ఎక్కువ

స్పీకర్ వెనక రాసి ఉండే వాట్స్ అది ఎంత గట్టిగా మోగుతుందో చెప్పదు, ఎంత పవర్ దాకా తట్టుకుంటుందో చెబుతుంది. మోత సంగతి తెలియాలంటే సెన్సిటివిటీ అనే అంకె చూడాలి. ఒక వాట్ పవర్ ఇస్తే, అంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 2.83 వోల్టులు ఇస్తే, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ (మోతని కొలిచే అంకె) వస్తాయి అనేదే అది. చిన్న స్పీకర్లలో ఎక్కువగా 83 నుంచి 88 మధ్య ఉంటుంది. 84 డెసిబెల్స్ ఉన్న స్పీకర్ 90 ఉన్నదానితో సమానంగా మోగాలంటే నాలుగు రెట్ల పవర్ కావాలి. వాట్స్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల పవర్ కావాలి. అందుకే 50 వాట్స్ ఆంప్ (స్పీకర్‌కి పవర్ ఇచ్చే యాంప్లిఫయర్) వదిలి 60 వాట్స్ ఆంప్ కోసం డబ్బు ఎక్కువ పెట్టేవాళ్లని చూస్తే బాధేస్తుంది, ఆ తేడా ఒక డెసిబెల్ కూడా లేదు.

ఇంట్లో రెండున్నర, మూడు మీటర్ల దూరంలో కూర్చుని మామూలు వాల్యూమ్‌లో వింటుంటే స్పీకర్‌కి వెళ్లే పవర్ సగటున ఒక వాట్ కూడా ఉండదు. నమ్మబుద్ధి కాదు గానీ లెక్క అదే. అయితే డ్రమ్ మీద గట్టి దెబ్బ పడిన ఆ క్షణంలో సౌండ్ సగటు కన్నా 15, 20 డెసిబెల్స్ పైకి లేస్తుంది, 20 డెసిబెల్స్ అంటే వంద రెట్ల పవర్, అలాంటి క్షణాల కోసమే 30 నుంచి 50 నిజమైన వాట్స్ చేతిలో ఉండాలి. నిజమైన అని ఎందుకంటున్నానంటే, డబ్బా మీద వేసే పీఎంపీఓ లాంటి అంకెలకి అర్థమే లేదు, చిన్న ఆంప్‌ల మీద వేసే వాట్స్ కూడా చాలాసార్లు 10 శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినవి, అంటే పాట పగిలిపోయి వినిపించే స్థాయిలో కొలిచినవి. ఒక తేలిక పరీక్ష ఉంది. చిన్న ఆంప్‌తో అడాప్టర్ వస్తుంది కదా, దాని మీద రాసిన వోల్టులని ఆంపియర్లతో గుణించండి. 24 వోల్టులు, 5 ఆంపియర్లు అయితే 120 వాట్స్. గోడలోంచి అంతకు మించి రానప్పుడు ఆ ఆంప్ మీద "300 వాట్స్" అని రాసుంటే అది స్టిక్కర్ గొప్పే.

దీనికి తోబుట్టువు లాంటి ఇంకో అపోహ ఉంది, పెద్ద ఆంప్ పెడితే స్పీకర్ కాలిపోతుంది, చిన్న ఆంప్ అయితే భయం లేదు అని. వాల్యూమ్ మీ చేతిలో ఉన్నంతవరకు పెద్ద ఆంప్‌తో ఇబ్బంది లేదు. చిన్న ఆంప్‌ని చివరిదాకా తిప్పి పెడితే మాత్రం అది సిగ్నల్ పైభాగాన్ని కోసేస్తుంది, దాన్నే క్లిప్పింగ్ అంటాం. అలా నలిగిన సిగ్నల్‌లో సగటు పవర్ బాగా పెరిగి ట్వీటర్‌కి (పై స్వరాలు పలికే చిన్న డ్రైవర్‌కి) వెళ్లాల్సినదానికన్నా చాలా ఎక్కువ వెళుతుంది. కాలిపోయిన ట్వీటర్ పట్టుకొచ్చినవాళ్లని నేను ముందు అడిగేది పార్టీలో వాల్యూమ్ ఎంతలో పెట్టారని.

అపోహ: ఇప్పటి టెక్నాలజీతో చిన్న పెట్టెలోంచి కూడా పెద్ద బేస్ వచ్చేస్తుంది

వస్తుంది, కానీ ఊరికే రాదు. 1954లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్‌లు అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి ఏఆర్-1 స్పీకర్ తెచ్చేదాకా, లోతైన బేస్ కావాలంటే చాలా పెద్ద పెట్టె కావాల్సిందే. విల్చర్ పెట్టెని గాలి చొరబడకుండా మూసేసి లోపలి గాలినే స్ప్రింగ్‌లా వాడుకున్నాడు, దాంతో చిన్న పెట్టెలో లోతైన బేస్ సాధ్యమైంది, ఇంట్లో షెల్ఫ్ మీద పట్టే స్పీకర్లకి దారి పడింది. బదులుగా సెన్సిటివిటీ పడిపోయింది, ఆంప్ మీద భారం పెరిగింది. ఆ తర్వాత క్లాస్ ఇంకో ఇద్దరితో కలిసి కేఎల్‌హెచ్ అనే మరో కంపెనీ పెట్టాడు. ఆ పేరులోని 'హెచ్' అయిన హాఫ్‌మన్ పేరు మీదే ఈ రంగంలో ఒక ఇనుప సూత్రం చెప్పుకుంటాం: చిన్న పెట్టె, లోతైన బేస్, మంచి సెన్సిటివిటీ, ఈ మూడిట్లో రెండే దొరుకుతాయి. మూడూ ఇచ్చే స్పీకర్ ఇంతవరకు రాలేదు. లోపలే ఆంప్, డీఎస్‌పీ (సౌండ్‌ని లెక్కలతో సర్దే చిప్) ఉన్న చిన్న స్పీకర్లు తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచి మురిపిస్తాయి, వాల్యూమ్ పెంచుతూ పోండి, బేస్ మెల్లగా తగ్గుతూ పోతుంది.

కాబట్టి 5 అంగుళాల ఊఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద డ్రైవర్) ఉన్న చిన్న స్పీకర్ కాగితం మీద "35 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్" అని (హెర్ట్జ్ అంకె ఎంత తక్కువైతే స్వరం అంత కిందిది) ఉంటే వెంటనే చూడాల్సింది పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని ఉందా లేదా అని. లేకపోతే ఆ 35 దగ్గర సౌండ్ పది డెసిబెల్స్ పడిపోయి ఉండొచ్చు, ఇంకా ఎక్కువే పడి ఉండొచ్చు. నిజాయితీగా కొలిస్తే ఈ సైజు స్పీకర్లు చాలావరకు 50, 60 హెర్ట్జ్ దగ్గరే దిగడం మొదలుపెడతాయి. అదేమీ ఘోరం కాదు. నాలుగు తీగల బేస్ గిటార్ అట్టడుగు స్వరం సుమారు 41 హెర్ట్జ్, ఆ మూల స్వరం సన్నగిల్లినా దాని రెట్టింపు 82, ఆపైన ఉన్నవి స్పష్టంగా వినిపిస్తే మిగతాది మన మెదడే పూరించుకుంటుంది. పైపు ఆర్గాన్, ఎలక్ట్రానిక్ సంగీతం, పియానో అట్టడుగు మెట్లు (అక్కడ 27.5 హెర్ట్జ్ దాకా వెళుతుంది) మీకు ప్రాణమైతే తర్వాతెప్పుడైనా ఒక సబ్‌ఊఫర్ (బేస్ కోసమే ఉండే విడి పెట్టె) కలుపుకోవచ్చు. మొదటి రోజే స్పీకర్లకి సగం, సబ్‌కి సగం అని బడ్జెట్ చీల్చితే రెండూ నాసిరకమే వస్తాయి.

అపోహ: పేరులోనే బుక్‌షెల్ఫ్ ఉంది కదా, షెల్ఫ్‌లో పెట్టేస్తే సరి

నేను చూసిన ఇళ్లల్లో స్పీకర్ బాగాలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ ఇక్కడే తేలిపోయాయి. మంచి స్పీకర్‌ని మూలకి నెట్టి, ట్వీటర్ మోకాలి ఎత్తులో ఉండేలా పెట్టి, ఒకటి అటు తిరిగి ఒకటి ఇటు తిరిగి ఉంటే ఎంత పెట్టి కొన్నా ఒకటే.

గోడకి దగ్గరైనకొద్దీ బేస్ పెరుగుతుంది, వెనక గోడ ఒక్కటే కింది స్వరాలకి దాదాపు 6 డెసిబెల్స్ దాకా కలపగలదు, మూలలో అయితే ఇంకా. చాలామంది దాన్ని "బేస్ బాగుంది" అనుకుంటారు, పది నిమిషాలు వింటే గాయకుడి గొంతు కుండలోంచి వస్తున్నట్టు తెలుస్తుంది. అలాగని గదిలోకి ఎంత లాగితే అంత మంచిదీ కాదు. వెనక గోడకి ఒక మీటరు దూరంలో పెడితే గోడకి తగిలి తిరిగొచ్చే అల సుమారు 86 హెర్ట్జ్ దగ్గర అసలు అలకి ఎదురు తిరిగి దాన్ని తినేస్తుంది. గది పొడవు 4 మీటర్లయితే 43 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుంది, అది స్పీకర్ తప్పు కాదు. వీటన్నిటికీ మందు జరపడమే. స్పీకర్ జరపండి, కుర్చీ జరపండి, ముఖ్యంగా కుర్చీ వెనక గోడకి ఆనించి ఉంటే ఒక అడుగైనా ముందుకి లాగండి. పైసా ఖర్చు లేదు, అయినా నూటికి తొంభై మంది చేయరు, ఎందుకంటే సోఫా ఎక్కడుండాలో ఇంట్లో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది.

రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీకూ ఒక్కో స్పీకర్‌కీ అంతే దూరం ఉండేలా చూసుకోండి, ట్వీటర్ కూర్చున్నప్పటి చెవి ఎత్తుకి రావాలి, స్పీకర్‌ని అడ్డంగా పడుకోబెట్టకూడదు. షెల్ఫ్ తప్ప వేరే దారి లేదంటారా, సరే, స్పీకర్ ముఖం షెల్ఫ్ అంచుతో సమానంగా వచ్చేదాకా ముందుకి లాగండి, పక్క ఖాళీల్లో పుస్తకాలు కుక్కండి, కింద రబ్బరు ముక్కలు వేయండి. అలాంటి చోటుకి కొనేటప్పుడే పోర్టు (పెట్టెకి ఉండే గాలి రంధ్రం) ముందుండేదో, పోర్టే లేని మూసిన పెట్టెదో ఎంచుకుంటే పని తేలిక. వెనక పోర్టు ఉంటే గాలి ఆడటానికి కొంత జాగా వదలాలి. నేల మొత్తం నున్నటి పలకలు, ఎదురుగా అద్దాల కిటికీ ఉంటే ఒక మందపాటి తివాచీ, కర్టెన్లు వేసి చూడండి, ట్రెబుల్ (పై స్వరాలు) గుచ్చుకోవడం చాలావరకు తగ్గుతుంది. ఈక్వలైజర్ (స్వరాల మోతని విడివిడిగా పెంచి తగ్గించే సెట్టింగ్) వాడొచ్చు, తప్పేం కాదు, కానీ ఎత్తుగా ఉన్న బేస్‌ని దించడానికే వాడండి. గోడ తినేసిన చోట పెంచుతూ పోతే పెంచినదాన్నీ గోడ తినేస్తుంది, ఆంప్ మాత్రం అలసిపోతుంది.

అపోహ: వైరు మారిస్తే సౌండ్ మారిపోతుంది

1.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి వైరు 5 మీటర్లు లాగితే రానూపోనూ కలిపి సుమారు 0.12 ఓమ్ నిరోధం. 6 ఓమ్‌ల స్పీకర్ ముందు అది ఏమూలకీ రాదు. దూరం ఇంకా ఎక్కువైతే 2.5 వేయండి, అయిపోయింది. కొనేటప్పుడు రాగి పూత పూసిన అల్యూమినియం అంటగట్టకుండా మాత్రం చూసుకోండి. బంగారు పూత పిన్నులు తుప్పు పట్టవు, అంతకు మించి ఏమీ చేయవు. వంద గంటలు మోగిస్తే స్పీకర్ "తెరుచుకుంటుంది" అనేది కూడా ఇదే బాపతు. ఊఫర్ అంచులు మొదట్లో కాస్త సడలడం నిజమే, ఆ తర్వాత సడలేది మన చెవి. మొదటి రోజు చెవికి బాగా అడ్డం పడే స్పీకర్‌ని అలవాటవుతుందిలే అని ఉంచుకోకండి, వాపసు గడువు అయిపోతుంది.

అపోహ: షోరూమ్‌లో నా చెవితో వింటే నాకే తెలిసిపోతుంది

వినకుండా కొనమని అనను. కానీ చెవిని మోసం చేయడం చాలా సులభం. రెండు స్పీకర్లు పక్కపక్కనే వింటున్నప్పుడు ఒకటి అర డెసిబెల్, ఒక డెసిబెల్ గట్టిగా మోగితే అది గట్టిగా ఉందని తెలియదు, "బాగుంది" అనిపిస్తుంది. వాల్యూమ్ తగ్గినకొద్దీ బేస్ మన చెవికి త్వరగా మాయమవుతుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు, కాబట్టి షోరూమ్‌లో గట్టిగా విని నచ్చింది ఇంట్లో రాత్రిపూట మెల్లగా పెడితే పేలవంగా ఉండొచ్చు. ఇక కంటి సంగతి. 1994లో హర్మన్ అనే ఆడియో సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు ఒకే స్పీకర్లని ఒకసారి తెర వెనక దాచి, ఒకసారి కనిపించేలా పెట్టి వినిపించారు. విన్నవాళ్లు ఆ సంస్థ ఉద్యోగులే. దాచినప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చిన్న ప్లాస్టిక్ స్పీకర్ సెట్టుకి, కళ్లముందు పెట్టేసరికి మార్కులు పడిపోయాయి.

బడ్జెట్ కొనుగోలుదారుకి ఇది శుభవార్త. నలుగురిలో మర్యాద తెచ్చే చెక్క వెనీర్, బరువైన మెటల్ ప్లేట్ మీద పెట్టిన డబ్బు వినిపించదు. పెట్టె ఎండీఎఫ్‌తో (చెక్క పీచుని అదిమి చేసే పలకతో) చేశారని చిన్నచూపు కూడా వద్దు, బరువుగా, లోపలంతా ఒకేలా ఉండే ఎండీఎఫ్ ఈ పనికి అసలు చెక్క కన్నా నమ్మకం. టూల్, ఆలివ్‌లు ఏళ్లతరబడి చేసిన పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలింది ఏంటంటే, ఎదురుగా సమంగా, పక్కలకి వెళ్లేకొద్దీ గతుకుల్లేకుండా మెల్లగా తగ్గే స్పీకర్‌నే ఎక్కువమంది ఇష్టపడతారని. సీటీఏ-2034 అనే పద్ధతిలో కొలిచిన గ్రాఫులు ఇప్పుడు చాలా చవక మోడళ్లకి కూడా దొరుకుతున్నాయి. గీతల్లో పెద్ద కొండలూ లోయలూ లేని మోడళ్లు రెండు మూడు ఏరుకుని, అప్పుడు వెళ్లి వినండి. మీకు బాగా తెలిసిన పాటలే తీసుకెళ్లండి, ఒక్క స్పీకర్‌నే మోనోలో (ఎడమ, కుడి సౌండ్ ఒకటిగా కలిపి) వినిపించమనండి, లోపాలు జతలో కన్నా ఒంటరిగా త్వరగా బయటపడతాయి. ట్రెబుల్ మెరుపులు కొట్టే స్పీకర్ మొదటి అయిదు నిమిషాలు అందరినీ గెలుస్తుంది. అరగంట కూర్చోండి.

అపోహ: స్టూడియో మానిటర్లు ఇంటికి పనికిరావు

స్టూడియో మానిటర్లంటే పాటల రికార్డింగ్ దగ్గర వాడే స్పీకర్లు. వాటిలో పేరున్న యమహా ఎన్‌ఎస్-10 వచ్చింది 1978లో, ఇళ్ల కోసమే. స్టూడియోలవాళ్లు దాన్ని పట్టుకెళ్లి తమదిగా చేసుకున్నారు, కాబట్టి ఇంటికీ స్టూడియోకీ మధ్య గీత అంత గట్టిదేమీ కాదు. లోపలే ఆంప్ ఉన్న చిన్న స్టూడియో మానిటర్లు బడ్జెట్‌లో చాలాసార్లు లాభం, విడిగా ఆంప్, వైర్లు కొనక్కర్లేదు, ఊఫర్‌కీ ట్వీటర్‌కీ వేర్వేరు ఆంప్‌లు ఉంటాయి. చవకవాటిలో ట్వీటర్ దగ్గర సన్నటి బుస్సుమనే చప్పుడు ఉంటుంది, టేబుల్ మీద పెట్టుకుని వింటే చిరాకు, గదికి అవతల ఉంటే తెలియదు. నా వృత్తి నుంచి చెప్పాల్సింది ఒకటుంది: ఆంప్ విడిగా ఉంటే పాడైనప్పుడు అదొక్కటే మారుతుంది, లోపలి బోర్డు పోతే చాలాసార్లు మొత్తం స్పీకరే మూలపడుతుంది.

అపోహ: సెకండ్ హ్యాండ్ స్పీకర్ అంటే డబ్బు నీళ్లపాలే

పోర్టబుల్ స్పీకర్ల విషయంలో ఒప్పుకుంటాను, బ్యాటరీ ఉంటుంది కాబట్టి. ఆంప్ లేని బుక్‌షెల్ఫ్ స్పీకర్లలో అరిగిపోయే భాగాలు కొన్నే. ఊఫర్ చుట్టూ ఉండే మెత్తటి అంచు రబ్బరుదైతే చాలా ఏళ్లు నిలుస్తుంది, ఫోమ్‌దైతే పదిహేనేళ్లు అటూఇటూగా పొడిపొడిగా రాలిపోతుంది. వేలితో మెల్లగా తాకితే తెలుస్తుంది. అంచు మార్చొచ్చు, అదేమీ బ్రహ్మవిద్య కాదు, కానీ ఆ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. ఊఫర్ మధ్యలో రెండు వేళ్లతో సమంగా నొక్కి వదిలితే గీసుకుంటున్న చప్పుడు రాకూడదు, వస్తే లోపలి కాయిల్ (ఊఫర్‌ని కదిపే తీగచుట్ట) పక్కకి ఒరిగిందన్నమాట. తర్వాత ఒక పాటని మోనోలో పెట్టి, ఒక్కో స్పీకర్ ట్వీటర్‌కి చెవి దగ్గరగా పెట్టి రెండూ ఒకేలా ఉన్నాయో లేదో వినండి. రెండూ కలిపి మోగిస్తే బేస్ మాయమవుతోందా, అప్పుడు ఒకదాని వైర్లు ప్లస్ మైనస్ తారుమారు చేసి మళ్లీ వినండి, దాంతో సరైపోతే అది లోపం కాదు. ట్వీటర్ చచ్చి ఉంటే మాత్రం అదే మోడల్ ట్వీటర్ ఇంకా దొరుకుతోందో లేదో డబ్బు ఇవ్వకముందే కనుక్కోండి, ఏదో ఒకటి తెచ్చి బిగిస్తే క్రాసోవర్‌తో (ఊఫర్‌కీ ట్వీటర్‌కీ స్వరాలు పంచే సర్క్యూట్‌తో) కుదరదు, రెండు వైపులా రెండు రకాల సౌండ్ వస్తుంది. దొరకదని తేలితే ఆ జత ఎంత చవకైనా అక్కడే వదిలేయండి.