గుడి గడప గురించి వాదించుకున్నాం, తుపాకి మాట ఎవరూ ఎత్తలేదు

2025 నవంబర్ 25న సుప్రీంకోర్టు ఒక క్రైస్తవ ఆర్మీ ఆఫీసరు వేసిన పిటిషన్ కొట్టేసింది. ఆయన పేరు శామ్యూల్ కమలేశన్, లెఫ్టినెంట్, 2017లో థర్డ్ కావల్రీ రెజిమెంట్‌లో చేరాడు. తన కింద ఉన్న సిక్కు జవాన్లతో పాటు ప్రతి వారం రెజిమెంట్ గుడికీ గురుద్వారాకూ వెళ్లేవాడు, చెప్పులు విప్పేవాడు, తలపాగా కట్టుకునేవాడు, కానీ గర్భగుడిలోకి మాత్రం రానని, పూజలో చెయ్యి వేయనని, అది తన విశ్వాసానికి సరిపడదని చెప్పాడు. 2021లో డిస్మిస్ చేశారు, పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. 2025 మే నెలలో ఢిల్లీ హైకోర్టు ఆర్మీ చేసింది సరైనదేనంది, పైవాళ్ల ఆజ్ఞ కంటే మతాన్ని ఎక్కువ చేసుకోవడం క్రమశిక్షణ తప్పడమేనంది. సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు.

ఆ వారం మా నరసన్నపేట వైపు క్రైస్తవ సంఘాల్లో ఇదే మాట. ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటూ కూడా ఇదే. కుర్రాళ్లు దానియేలు గ్రంథం తీశారు, షద్రకు, మేషాకు, అబేద్నెగో అగ్నిగుండంలోకైనా వెళ్లారు గానీ బంగారు ప్రతిమకు మొక్కలేదు కదా అని. పెద్దవాళ్లలో ఒకాయన రెండవ రాజుల గ్రంథం అయిదో అధ్యాయం తీశాడు, అక్కడ సిరియా సైన్యాధిపతి నయమాను, నా యజమాని నా చెయ్యి ఆనుకుని రిమ్మోను గుడిలో మొక్కినప్పుడు నేనూ వంగాల్సొస్తుంది, దీన్ని క్షమిస్తాడా దేవుడు అని అడిగితే ప్రవక్త ఎలీషా నెమ్మదిగా వెళ్లమన్నాడు. రెండూ మంచి వాదనలే. కానీ వింటూ ఉంటే నాకు ఒకటి తట్టింది. క్రైస్తవ సిపాయి గుడిలోకి వెళ్లొచ్చా అని ఇంతమంది అడుగుతున్నారు, వెళ్లి మనిషిని కాల్చొచ్చా అని ఒక్కరూ అడగడం లేదు. ఆ రెండో ప్రశ్నకు దాదాపు రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది, అది మన ఊళ్ల దాకా వచ్చేసరికి ఎక్కడో జారిపోయింది. ఎక్కడ జారిందో చూద్దామనే ఇది రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మా చిన్నాన్న మద్రాస్ రెజిమెంట్. 1987లో శ్రీలంక వెళ్లిన శాంతి సేనలో ఉన్నాడు. తిరిగొచ్చాక ప్రతి ఆదివారం గుడికి, చర్చినీ మేం గుడే అంటాం, వచ్చేవాడు, పాటలు పాడేవాడు, కానుక వేసేవాడు, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే చోటికి మాత్రం వచ్చేవాడు కాదు. రొట్టె పళ్లెం వరుస దాటి వస్తుంటే లేచి బయట నుయ్యి గట్టు మీద కూర్చునేవాడు. నాకప్పుడు పదేళ్లు, బాప్తిస్మం కాలేదు కాబట్టి నాకూ బల్ల లేదు, పోయి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఒకసారి అడిగాను, నువ్వెందుకు పుచ్చుకోవు అని. "ఇంకా అవ్వనేదురా బాబూ" అన్నాడు. ఏటి అవ్వలేదో చెప్పలేదు. తాగుడనీ, ఇంకోటనీ ఊళ్లో ఏవేవో అన్నారు. అప్పటి పాస్టర్ గారు ఒకసారి ఇంటికొచ్చి గంటసేపు మాట్లాడి టీ తాగి వెళ్లిపోయారు. ఇలా నాలుగేళ్ల పైనే సాగింది.

అసలు మన కుర్రాళ్లు ఆర్మీకి ఎందుకు వెళ్తారో చెప్పకపోతే మిగతాదంతా గాలిమాటే అవుతుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరెళ్లినా పటాలంలో పనిచేసే మనిషి ఒకడైనా ఉంటాడు. తెల్లారగట్ట శ్రీకాకుళం కోడి రామమూర్తి స్టేడియం వైపు వెళ్తే పరుగెత్తే గుంటలు కనిపిస్తారు. విజయనగరం పక్కన కోరుకొండలో 1962 నుంచీ సైనిక్ స్కూల్ ఉంది, అది ఆఫీసర్లయ్యేవాళ్ల దారి, మావాళ్లది ఆమదాలవలస స్టేషన్లో నల్ల ట్రంకుపెట్టెతో జనరల్ బోగీ ఎక్కే దారి. పేటల్లో పుట్టినవాడికి యూనిఫాం అంటే జీతం ఒక్కటే కాదు, ఊళ్లో ఎవడి ముందూ చేతులు కట్టుకోకుండా నిలబడే హక్కు. 2022లో అగ్నిపథ్ వచ్చి నాలుగేళ్ల ఉద్యోగం చేశారు, అందులో పాతిక శాతం మందినే ఉంచుకుంటామన్నారు, అయినా పరుగు ఆగలేదు. కాబట్టి మతం దృష్ట్యా సైన్యంలో చేరొచ్చా అని ఎవరైనా ప్రసంగం మొదలుపెడితే మా ఇళ్లలో అమ్మలు చెప్పులు తీస్తారు.

సరే, బైబిల్ ఏమంటోంది? రెండు వైపులా అంటోంది, అదే చిక్కు. "నరహత్య చేయకూడదు" అన్న ఆజ్ఞ ఉంది, ఆ ఆజ్ఞ ఇచ్చిన దేవుడే యుద్ధాలకు పంపిన అధ్యాయాలూ ఉన్నాయి. కత్తి పట్టుకున్నవారందరూ కత్తిచేతనే నశిస్తారని యేసు పేతురుతో అన్నాడు. ప్రభుత్వం ఊరకయే ఖడ్గము ధరింపదని పౌలు రోమీయులకు రాశాడు. ఇటలీ పటాలంలో శతాధిపతి కొర్నేలీ బాప్తిస్మం పుచ్చుకుంటే ఉద్యోగం మానేయమని పేతురు అన్నట్టు ఎక్కడా లేదు. సైనికులు వచ్చి మేమేం చేయాలని అడిగితే బాప్తిస్మమిచ్చు యోహాను ఎవరినీ బాధపెట్టొద్దు, అపనిందలు వేయొద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు, కత్తి దించమనలేదు. కానీ అదే బైబిల్లో దావీదు, దేవుడే గెలిపించిన దావీదు, మందిరం కడతానంటే నువ్వు చాలా రక్తం ఒలికించావు, నువ్వు కట్టకూడదు అన్న మాట కూడా ఉంది. ఆ వచనం మీద ప్రసంగం నేనైతే ఎప్పుడూ వినలేదు.

మొదటి మూడు వందల ఏళ్లలో సంఘ పెద్దలు చాలామంది సైన్యం వద్దనే అన్నారు. పేతురు చేతిలో కత్తి దించినప్పుడే ప్రభువు ప్రతి సైనికుడి నడికట్టూ విప్పేశాడని ఆఫ్రికాలో టెర్టులియన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. 295లో మాక్సిమిలియన్ అనే కుర్రాడు, ఇప్పటి అల్జీరియాలో, నేను క్రైస్తవుణ్ణి, సైన్యంలో చేరను అన్నాడు, తల తీయించారు. అయినా క్రైస్తవ సిపాయిలు అప్పటికే ఉన్నారు, ఎంత వద్దన్నా ఉన్నారు, అప్పుడూ ఆకలి ఉంది కదా. ఆ తర్వాత 312లో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ గెలిచాడు, మరుసటేడు క్రైస్తవానికి అనుమతి వచ్చింది, రాజు మనవాడయ్యాడు. ఇక 416 ప్రాంతానికి రోమా చక్రవర్తి ఆజ్ఞ ఎలా మారిందంటే, క్రైస్తవులు కానివాళ్లకే సైన్యంలో చోటు లేదన్నారు. వంద ఏళ్లు. అంతే పట్టింది.

కానీ నన్ను పట్టి ఆపింది ఈ మలుపు కాదు, మధ్యలో ఒక బిషప్ రాసిన ఉత్తరం. కైసరయకు చెందిన బసీలు, ఇప్పటి టర్కీ, సుమారు 375. యుద్ధంలో చంపడాన్ని మన పెద్దలు హత్యగా లెక్కవేయలేదు అని ఒప్పుకుంటూనే ఆయన ఒక సలహా ఇచ్చాడు. వాళ్ల చేతులు శుభ్రంగా లేవు కాబట్టి మూడేళ్లు ప్రభువు బల్లకు దూరంగా ఉంటే మంచిదేమో అన్నాడు. శిక్ష అనలేదు, వెలివేయమనలేదు, గుడికి రావద్దనలేదు. మూడేళ్లు, ఆ తర్వాత రమ్మన్నాడు. ఇది చదివిన రోజు నేను విజయనగరంలో ఒక అద్దె గదిలో ఉన్నాను, ఉద్యోగం కొత్త, లేచి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. అక్షరం ముక్క తెలియకుండా మా చిన్నాన్న తనకు తానే వేసుకున్న నియమం ఇది.

బసీలు ఒక్కడే కాదు. 1066లో ఫ్రాన్సు వైపు నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండును గెలిచాడు, పోపు ఆశీర్వాదంతోనే గెలిచాడంటారు. అయినా కొన్నేళ్లకు నార్మన్ బిషప్పులు గెలిచిన సైన్యానికి ఒక ప్రాయశ్చిత్తం పట్టిక రాశారు: ఒక మనిషిని చంపానని తెలిస్తే ఏడాది, దెబ్బతగిలిన మనిషి చచ్చాడో లేదో తెలియకపోతే నలభై రోజులు, ఎంతమందిని చంపాడో లెక్క తెలియనివాడు బతికినన్నాళ్లూ వారానికొక రోజు, లేదా గుడి కట్టించాలి. విలుకాళ్లకు తమ బాణం ఎవరికి తగిలిందో తెలియదు కాబట్టి వాళ్లకు మూడు శ్రమకాలాలు, అంటే ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసం మూడుసార్లు. నవ్వొస్తుంది, ప్రాణాలకు ధరల పట్టికలా ఉందని. కానీ ఓడినవాళ్లకు కాదు, గెలిచి వచ్చినవాళ్లకు ఈ పట్టిక ఇచ్చారన్నది చూడండి.

ఆ తర్వాత కథ న్యాయమైన యుద్ధం అనే సిద్ధాంతం వైపు వెళ్లింది. ఆఫ్రికాలో బిషప్పు అగస్టీను 418లో ఒక సేనాధిపతికి రాశాడు, కోరుకోవాల్సింది శాంతిని, యుద్ధం అవసరం తరుముకొస్తేనే అని. పదమూడో శతాబ్దంలో అక్వినాస్ అనే వేదాంతి మూడు షరతులు పెట్టాడు: అధికారం ఉన్నవాడే ప్రకటించాలి, కారణం న్యాయంగా ఉండాలి, మనసులో ఉద్దేశం మంచిదై ఉండాలి. 1526లో ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ సైనికుడు కూడా రక్షణ పొందగలడన్నాడు, కానీ నీ ప్రభువు యుద్ధం తప్పని నీకు గట్టిగా తెలిస్తే వెళ్లొద్దని కూడా అన్నాడు. ఆ మరుసటేడే స్విట్జర్లాండు వైపు అనాబాప్టిస్టులనే ఇంకో ప్రొటెస్టంట్ గుంపువాళ్లు కత్తే వద్దని ప్రకటించారు, వాళ్ల వారసులు మెన్నొనైట్లు. తమాషా ఏమిటంటే ఆ మెన్నొనైట్ల మిషన్ తెలంగాణలో పాలమూరు వైపు వచ్చింది. మనకు బొబ్బిలి, టెక్కలి, సోంపేట, పర్లాకిమిడి దాకా వచ్చినవాళ్లు కెనడా బాప్టిస్టులు. బడి పెట్టారు, ఆసుపత్రి పెట్టారు, రుణపడి ఉన్నాం, కానీ యుద్ధం గురించి ప్రత్యేకమైన బోధ వాళ్ల సామానులో లేదు. నా లెక్కలో ప్రశ్న జారిపోయింది అక్కడే.

ఇక దేశాల సంగతి. సిపాయి మనస్సాక్షి ఒకటి, పంపిన దేశం మనస్సాక్షి ఇంకొకటి. అమెరికా అంతర్యుద్ధం చివర్లో, 1865 మార్చిలో ప్రెసిడెంట్ లింకన్ తన రెండో ప్రమాణ స్వీకారం నాడు, రెండు వైపులవాళ్లూ ఒకే బైబిల్ చదువుతున్నారు, ఒకే దేవుణ్ణి ప్రార్థిస్తున్నారు, ఒకరి మీద ఒకరికి సాయం చేయమంటున్నారు అన్నాడు, యుద్ధం గెలవబోతూ. 2003లో ఇరాక్ మీదికి వెళ్లేముందు అక్కడి సదరన్ బాప్టిస్టు నాయకులు కొందరు ఇది న్యాయమైన యుద్ధమేనని ఉత్తరం రాసిచ్చారు, పోపు రెండో జాన్‌పాల్ వద్దన్నాడు, ప్రెసిడెంట్ బుష్ మెథడిస్టు అయితే ఆయన సొంత సంఘం బిషప్పులే వద్దన్నారు. ఏ ఆయుధాల పేరుతో వెళ్లారో అవి దొరకలేదు. 2010లో ఇంకో సంగతి బయటపడింది, సైన్యానికి తుపాకి స్కోపులు అమ్మే ట్రిజికాన్ కంపెనీ వాటి మీద బైబిల్ వచనాల గుర్తులు చెక్కుతోందట. యోహాను 8:12, "నేను లోకమునకు వెలుగును". గోల అయ్యాక ఆపారు. గురి చూసే అద్దం మీద ఆ వచనం! నాకైతే కమలేశన్ గర్భగుడి కంటే ఇదే పెద్ద విగ్రహారాధన అనిపిస్తుంది.

మనం కూడా ఆ ఇరాక్‌కు వెళ్లాల్సిన మాట చాలామందికి గుర్తులేదు. అమెరికా ఒక డివిజన్ సైన్యం పంపమంది, అంటే పదిహేడు వేల మంది దాకా. 2003 జూలై 14న వాజపేయి ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి తీర్మానం లేకుండా పంపలేమంది. ఆ రోజు ఆ మాట అనకపోయుంటే ఆమదాలవలసలో రైలెక్కిన ఎంతమంది ఇరాక్‌లోని మోసుల్లో దిగేవారో.

శ్రీలంకకు మాత్రం ఆ అదృష్టం లేకపోయింది. 1987 జూలై 29న భారత్, శ్రీలంక ప్రభుత్వాల ఒప్పందం, శ్రీలంక సైన్యానికీ తమిళ పోరాటదళాలకీ మధ్య శాంతి కాపాడటానికని వెళ్లారు, అక్టోబర్‌కల్లా జాఫ్నాలో ఆ తమిళుల పేరుతో పోరాడే ఎల్టీటీఈతోనే యుద్ధం. అక్టోబర్ 21న జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా మన సైన్యం కాల్పుల్లో చనిపోయారు. మనవాళ్లు ఆ రెండున్నరేళ్లలో దాదాపు 1200 మంది పోయారు. 1990 మార్చిలో చివరి ఓడలు మద్రాసు వచ్చినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి రాలేదు. చనిపోయిన తమిళుల తరఫున అది ఆయనకు న్యాయమే కావచ్చు, ఓడ దిగిన జవానుకు మాత్రం పంపిన దేశం మొహం తిప్పుకున్నట్టే. మద్రాస్ రెజిమెంట్ నినాదం తెలుసు కదా, "వీర మదరాసి, అడి కొల్లు, అడి కొల్లు", తమిళంలో కొట్టు, చంపు అని. ఆ భాష మాట్లాడేవాళ్ల వీధుల్లోకే ఆ రెజిమెంట్‌వాళ్లనీ పంపారు. చిన్నాన్న ఎక్కడ ఏం చేశాడో నాకు తెలియదు, అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అక్కడ ఒక గుళ్లో మన పాట రాగమే విన్నానని మాత్రం ఒకసారి అన్నాడు, మాటలు వేరే, రాగం అదే అని.

వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే అనే డాక్టరు దీనికి నైతిక గాయం అని పేరు పెట్టాడు. భయం వల్ల వచ్చే టెన్షన్ వేరు, తప్పు జరిగిందన్న బరువు వేరు, రెండో దానికి నిద్రమాత్ర పనిచేయదు. బసీలుకు ఆ పేరు తెలియదు గానీ రోగం తెలుసు, మందుకు గడువు కూడా రాసిచ్చాడు. మన సంఘాల్లో సిపాయి ఇంటికొస్తే కృతజ్ఞతా కూడిక పెడతాం, శాలువా కప్పుతాం, బిర్యానీ వండుతాం. ఆ బరువు దించుకునే చోటు మాత్రం నుయ్యి గట్టే.

తర్వాత ఒక ఈస్టరు నాడు చిన్నాన్న లేవకుండా కూర్చున్నాడు, పళ్లెం వచ్చింది, తీసుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు, అమ్మ మాత్రం చూసింది.

మొన్న జనవరిలో మా పేట నుంచి ఒక గుంటడు అగ్నివీర్‌కి సెలెక్ట్ అయ్యాడు. గుడిలో ప్రార్థన పెట్టారు, శత్రువులను ఇతని పాదాల కింద ఉంచు ప్రభువా అని పాస్టర్ గారు గట్టిగా చేశారు. మన మాజీ సైనికుడు రెండు మాటలు సాక్ష్యం చెప్తారని మైకు చిన్నాన్న చేతికిచ్చారు. ఆయన కాసేపు మైకు పట్టుకుని ఆ కుర్రాడి బూట్ల వైపు చూశాడు. "మేజోళ్లు నాలుగు జతలు ఎక్కువ పట్టుకెళ్లు. తడివి ఏసుకోకు, కాళ్లు పాసిపోతాయి" అన్నాడు. అందరూ నవ్వారు, సాక్ష్యం అయిపోయిందనుకుని పాస్టర్ గారు పాట ఎత్తుకున్నారు.