వయొలిన్ తీగలు కొనేముందు మీ శ్రుతి చెప్పండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

"తీగలు మార్చినా మోగడం లేదండీ" అంటూ వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఖరీదైన తీగల పెట్టే ఉంటుంది. తీగల్లో లోపమేమీ ఉండదు. వీళ్లు కట్టుకున్న శ్రుతికి చేసిన తీగలు కావవి, అంతే. దుకాణంలో శ్రుతి ఎంతని అడగరు, కొనేవాళ్లూ చెప్పరు.

అపోహ: పెట్టె మీద "వయొలిన్ 4/4" అని ఉంటే చాలు. ఖరీదు పెరిగితే నాదం పెరుగుతుంది.

4/4 అనేది వాద్యం సైజు. తీగ మందాన్ని మాత్రం పాశ్చాత్య శ్రుతికి లెక్కగట్టి చేస్తారు: నాలుగో తీగ జి (196 హెర్ట్జ్), మూడోది డి (294), రెండోది ఎ (440), మొదటిది ఇ (659). కర్ణాటక సంగీతానికి మనం కట్టేది మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం. ఐదు శ్రుతిలో, అంటే జి స్వరం షడ్జంగా పాడే అమ్మాయి పక్కన కూర్చుంటే అవి జి, డి, జి, డి అవుతాయి. కింది రెండు తీగలూ వాటి స్థాయిలోనే ఉంటాయి, పై రెండూ రెండేసి స్వరస్థానాలు దిగుతాయి. ఇబ్బందేమీ ఉండదు.

అదే వయొలిన్‌ను ఒకటి శ్రుతికి, అంటే సి షడ్జంగా దించండి. ఇప్పుడు సి, జి, సి, జి. మొదటి తీగ 659 నుంచి 392కి, రెండోది 440 నుంచి 262కి దిగింది. తీగ పొడవు మారనప్పుడు బిగువు కంపనసంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే పై రెండు తీగల్లో మిగిలేది అసలు బిగువులో 35 శాతం, కింది రెండింటిలో సుమారు 44 శాతం. మామూలు సింథటిక్ (కృత్రిమ పీచు) సెట్టు నాలుగు తీగలూ కలిపి ఇంచుమించు 22 కిలోల బిగువు మీద ఉంటాయి. ఒకటి శ్రుతిలో అది ఎనిమిది, ఎనిమిదిన్నర కిలోలకు పడిపోతుంది. తీగలను మోసే కొయ్య, అంటే బ్రిడ్జి మీద పడే ఒత్తిడీ ఆ మేరకే తగ్గుతుంది. కమాను కాస్త నొక్కగానే తీగ పక్కకు వాలిపోతుంది, మంద్ర షడ్జం గరగరమంటుంది, తారస్థాయిలో వేలు పెడితే నాదం ముద్దవుతుంది. దాన్ని చూసి ఇంకా ఖరీదైన సెట్టు వేస్తారు. అదీ అలాగే పలుకుతుంది. చివరికి వయొలినే మంచిది కాదని తేల్చి కొత్తది కొంటారు. అసలు డబ్బు పోయేది ఇక్కడే.

వదులు తీగ మీద గమకం హాయిగా పలుకుతుందనే మాట ఉంది. కొంతవరకు నిజమే. కానీ 35 శాతం బిగువు అనేది హాయి దాటిపోయిన వదులు.

ఒకటి, ఒకటిన్నర శ్రుతుల వాళ్లు ఒక్కో తీగనూ ఒక స్థానం పక్కకు జరపాలి. మొదటి తీగ చోట ఎ-తీగ, రెండో చోట డి-తీగ, మూడో చోట జి-తీగ, నాలుగో చోట సి-తీగ. ఒకటి శ్రుతికి ఎ, డి తీగలు రెండేసి స్వరస్థానాలు దిగుతాయి, అప్పుడు వాటి బిగువు 79 శాతం. జి, సి వాటి స్థాయిలోనే ఉంటాయి. ఒకటిన్నరకైతే పై రెండూ ఒక్కో స్వరస్థానమే దిగుతాయి, కింది రెండూ ఒక్కో స్వరస్థానం పెరుగుతాయి. అంతవరకు ఫరవాలేదు. రెండు శ్రుతికి పై రెండింటిని మాత్రం మార్చండి, ఎ, డి అచ్చంగా సరిపోతాయి. రెండు దాటితే మామూలు సెట్టే ఉంచండి. ఎ-తీగను దాని స్థాయి దాటించి లాగితే తెగొచ్చు.

ఈ మార్పులో మూడు చిక్కులున్నాయి. సి-తీగ వయొలిన్ సెట్టులో రాదు, ఐదు తీగల వయొలిన్ కోసం విడిగా అమ్ముతారు, అది తీసుకోండి. వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద వాద్యం) సి-తీగ కూడా పలుకుతుంది కానీ పొడవెక్కువ. బిరడ మీద చుట్లు పేరుకుని గోడకు ఒరుసుకుంటాయి. రెండోది: నట్ (బిరడల దగ్గర తీగలు ఆనే చిన్న కొయ్య) మీద, బ్రిడ్జి మీద ఉన్న గాళ్లు సన్న తీగకు కోసినవి. లావు తీగ అందులో ఇరుక్కుంటే పై చుట్ట చిట్లుతుంది. గాడి వెడల్పు చేయించి, పెన్సిల్ ములుకు రుద్ది, అప్పుడు తీగ వేయండి. మూడోది ఎవరికీ ముందు గుర్తురాదు. మొదటి తీగ ఫైన్ ట్యూనర్‌కు (శ్రుతిని సూక్ష్మంగా సరిచేసే చిన్న మరకు) ఒకే కొక్కెం ఉంటే అది లూప్ ఉన్న తీగనే పడుతుంది. ఎ-తీగ కొసన ఉండేది గుండు, దానికి చీలిక ఉన్న ట్యూనర్ కావాలి. మామూలు ఇ-తీగ కొనేటప్పుడూ లూపా, గుండా అని చూసుకోవాల్సిందే.

అపోహ: బ్రిడ్జి అతికించి ఉంటుంది, దాన్ని ముట్టుకోకూడదు.

అతికించరు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. బిరడ తిప్పిన ప్రతిసారీ తీగ బ్రిడ్జి తలను ఫింగర్‌బోర్డ్ (వేళ్లతో నొక్కే పలక) వైపు లాగుతుంది. ఇవాళ ఒకటికి, రేపు ఐదుకు శ్రుతి మార్చే వాళ్ల బ్రిడ్జి నెలలోపే వంగి కనిపిస్తుంది. అలాగే వదిలేస్తే కొయ్య ఆ వంపులోనే గట్టిపడుతుంది, లేదా ఒకరోజు టప్పున పడిపోతుంది. పడేటప్పుడు తీగల కింది కొసలు తగిలించే టెయిల్‌పీస్ పైపలకకు కొట్టుకుంటుంది. పలక చీలిందంటే ఖర్చు తీగలతో పోల్చేది కాదు.

వారానికోసారి పక్కనుంచి చూడండి. టెయిల్‌పీస్ వైపున్న ముఖం పలకకు నిటారుగా, 90 డిగ్రీలుగా ఉండాలి. పాదాల వరుస ఎఫ్-రంధ్రాల (పైపలక మీద ఎఫ్ ఆకారంలో ఉండే రంధ్రాలు) లోపలి గంట్ల గీత మీద ఉండాలి. తల వాలితే వయొలిన్ ఒళ్లో పెట్టుకుని, తీగలు కొద్దిగా వదులు చేసి, రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో బ్రిడ్జి పై అంచు పట్టుకుని వెంట్రుకవాసి చొప్పున వెనక్కి జరపండి. పాదాలు కదలకూడదు. చెయ్యి అలవాటు లేనివాళ్లకు భయం సహజం, మొదటిసారి గురువుగారి ముందు చేయండి.

తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పొద్దు. బ్రిడ్జి పడుతుంది, ఒక్కోసారి లోపల నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్టూ పడుతుంది. ఒకటి విప్పి, కొత్తది కట్టి, బిగించాకే రెండోదాని జోలికి వెళ్లండి.

అపోహ: లోపల కర్ర దొర్లుతోందంటే వయొలిన్ పోయినట్టే.

చాలామంది తల్లిదండ్రులు కంగారుపడి వచ్చేది దీనికే. ఏమీ పోలేదు. ఆ కర్రే సౌండ్ పోస్ట్, సుమారు 6 మిల్లీమీటర్ల మందం. మొదటి తీగ వైపు బ్రిడ్జి పాదానికి కాస్త వెనక, పైపలకకూ కింది పలకకూ మధ్య ఇమిడి నిలబడుతుంది. జిగురు ఉండదు. ఇటాలియన్‌లో దాన్ని ఆనిమా అంటారు, ఆత్మ అని అర్థం. అది పడగానే తీగలన్నీ వదులు చేయండి, బిగువు అలాగే ఉంటే పలక కుంగుతుంది. తర్వాత నిలబెట్టించండి. ఎఫ్-రంధ్రంలోంచి ఫెవిక్విక్ పోసి నిలబెట్టే ఘనులు ఉన్నారు. ఆ కర్ర మళ్లీ కదలదు, తీయబోతే పలక నార లేస్తుంది. దయచేసి వద్దు. బిరడ జారినా అంతే, జిగురూ నూనే వద్దు. బిరడ చుట్టూ పెగ్ పేస్ట్ (బిరడలకు రాసే ముద్ద) పలుచగా రాసి, లోపలికి నొక్కుతూ తిప్పండి. కోస్తా వానాకాలంలో అది ఉబ్బి బిగుసుకోవడం, ఎండాకాలంలో జారడం మామూలే.

ఇక మిగతావి. భుజానికి పెట్టే షోల్డర్ రెస్ట్ నిలబడి పాశ్చాత్య పద్ధతిలో వాయించేవాళ్లకు. నేల మీద కూర్చుని స్క్రోల్‌ను (వయొలిన్ తల చివర చుట్టను) కుడి పాదం మీద ఆనించేవాళ్లకు ఆ డబ్బు దండగ. నాలుగు తీగలకూ ఫైన్ ట్యూనర్లు ఉక్కు తీగలకు అవసరం, సింథటిక్ తీగలకు మొదటిదానికి చాలు. ఆ ట్యూనర్ మరను పూర్తిగా దించేస్తే కింది కొస పలకను గీకుతుంది, అప్పుడప్పుడు వెనక్కి తిప్పి బిరడతో శ్రుతి చేసుకోండి.

వయోలా అంటే ఉత్త పెద్ద వయొలిన్ కాదు. దాని తీగలు పైనుంచి ఎ, డి, జి, సి, అంటే ఒకటి శ్రుతి కోసం పైన చెప్పిన వరుసే. బాలమురళీకృష్ణ గారు వయోలా కూడా వాయించేవారు. దానికి ఒకే సైజు లేదు, పెద్దవాళ్లవి 15 నుంచి 17 అంగుళాల దాకా ఉంటాయి. పెట్టె, తీగలు పలక కొలిచే కొనాలి. కమాను కూడా వేరే, 60 గ్రాముల వయొలిన్ కమాను బదులు 70 గ్రాములది.

కమాను వెంట్రుకలకు రాసే రోజిన్‌లో లేత రంగుది గట్టిగా, ముదురుది మెత్తగా ఉంటుంది. మన ఉక్కపోతకు లేతదే మేలు. తీగల కింద తెల్లపొడి పేరుకుంటే పొడిగుడ్డతో తుడవండి, స్పిరిట్ చుక్క పడితే వార్నిష్ కరుగుతుంది. కొత్త వయొలిన్ అసలు శబ్దమే చేయడం లేదని తిరిగి పంపేముందు కమాను వెంట్రుకలు చూడండి. రోజిన్ పట్టని కొత్త వెంట్రుక తీగ మీద జారిపోతుంది. బిళ్ల నున్నగా మెరుస్తుంటే గరుకు కాగితంతో పైపైన గీకి, పొడి రాలేదాకా నలభై యాభై సార్లు రుద్దండి.