డాల్ఫిన్స్ నోస్‌కు ముందు ఏం జరిగింది?

2019 డిసెంబరులో విశాఖపట్నం గూఢచర్యం కేసు వెలుగులోకి వచ్చింది. నౌకాదళ సిబ్బంది ఏడుగురినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేసినట్లు ఆంధ్రప్రదేశ్ పోలీసులు ప్రకటించారు. యుద్ధనౌకల కదలికల వివరాలు పాకిస్థాన్‌కు చేరుతున్నాయన్నది ఆరోపణ. రాష్ట్ర నిఘా విభాగంలోని కౌంటర్ ఇంటెలిజెన్స్ సెల్, నౌకాదళ నిఘా విభాగం, కేంద్ర సంస్థలు కలిసి నడిపిన ఈ ఆపరేషన్‌కు విశాఖ కొండ పేరే పెట్టారు: డాల్ఫిన్స్ నోస్. తర్వాత కేసు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చేతికి వెళ్లింది.

ఈ కలయిక లేకుంటే కేసు నిలిచేది కాదు. గూఢచారులను పసిగట్టే ఇంటెలిజెన్స్ బ్యూరోకు అరెస్టు చేసే అధికారం లేదు. నౌకాదళం తన సిబ్బందిని ప్రశ్నించగలదు గానీ బయటి హవాలా వ్యాపారిని పట్టుకునే అధికారం దానికి లేదు. అరెస్టు చేయగల పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద ఉంటారు. డబ్బు జాడ వేరే రాష్ట్రానికి దారితీస్తే వారికి తోడు కావాలి.

ఈ తోడు దొరకడానికి చాలా కాలం పట్టింది. చైనా, పాకిస్థాన్ యుద్ధాల తర్వాత 1968లో విదేశీ నిఘాను బ్యూరో నుంచి విడదీసి ‘రా’ను ఏర్పాటు చేశారు. నైపుణ్యం పెరిగింది, కానీ సమాచారం రెండు గూళ్లలో చేరింది. 1985లో సాక్షాత్తు ప్రధాని కార్యాలయం నుంచే రహస్య పత్రాలు బయటికి పోయాయని తేలి, ప్రిన్సిపల్ సెక్రటరీ పి.సి. అలెగ్జాండర్ రాజీనామా చేశారు. అంత దెబ్బ తగిలినా సంస్థల మధ్య గోడలు కదలలేదు.

కదిలించింది కార్గిల్. ఎవరికి దొరికిన ఆధారాలు వారి వద్దే ఉండిపోయాయనీ, సమన్వయానికి వ్యవస్థ లేదనీ కె. సుబ్రహ్మణ్యం సారథ్యంలోని సమీక్షా సంఘం తేల్చింది. అద్వానీ నేతృత్వంలోని మంత్రుల బృందం 2001లో సిఫారసులు ఇచ్చాక బ్యూరోలో సంస్థలన్నీ సమాచారం పంచుకునే మల్టీ ఏజెన్సీ సెంటర్, ఆ మరుసటి ఏడాది రక్షణ నిఘా సంస్థ వచ్చాయి. అయినా 2008 నవంబరులో ముంబయి రక్తసిక్తమయ్యాకే ఆ సెంటర్‌ను రాత్రింబవళ్లు నడిపి, సమాచారం పంచుకోవడాన్ని సంస్థల బాధ్యత చేశారు. ఎన్ఐఏ పుట్టిందీ ఆ డిసెంబరులోనే.

ఇంత చేసినా పార్లమెంటు పాత్ర మాత్రం చిన్నదే. బ్యూరోకు గానీ, రాకు గానీ ప్రత్యేక చట్టం లేదు. వాటి పనిని తరచి చూసే పార్లమెంటరీ సంఘమూ లేదు. ఈ లోటు తీర్చాలని ఎంపీ మనీశ్ తివారీ 2011లో ప్రైవేటు మెంబర్ బిల్లు (ప్రభుత్వం తరఫున కాక ఎంపీ సొంతంగా పెట్టేది) పెట్టారు. అది చట్టం కాలేదు. రహస్యం అవసరమే, కానీ ప్రజాప్రతినిధులకు కూడా లెక్క చెప్పనక్కరలేనంత రహస్యాన్ని నేను సమర్థించలేను.