నీడ కోసం మెత్తబడ్డ కోతులు

మే నెలలో పెంచలకోన పోయినోళ్లకి కోతుల గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మా అత్త కవర్లోంచి కొబ్బరిచిప్ప తీసీతీయకముందే ఒక గండుకోతి లాక్కుని రేకుల షెడ్డు ఎక్కేసింది, ఆశగా పక్కకి చేరబోయిన చిన్నదాన్ని పళ్లు చూపించి తరిమేసింది. కానీ మిట్టమధ్యాన్నం ఎండ దంచేసరికి ఆ గండుదీ, ఆ చిన్నదీ, ఇంకో నాలుగైదూ ఒకే చింతచెట్టు కింద కూలబడి ఉన్నాయి, ఒక్కదానికీ పోట్లాడే ఓపిక లేదు.

నాకు వెంటనే కాయో శాంటియాగో అనే దీవిలోని కోతులు గుర్తొచ్చాయి. మన కోనలోవి నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టుండే పొడుగుతోకవి, అవేమో ఎర్రమూతి రీసస్ కోతులు. 1938లో మన దేశం నుంచే దాదాపు 400 కోతుల్ని ఓడెక్కించి కరీబియన్ సముద్రంలో ప్యూర్టో రికో పక్కనున్న ఆ చిన్న దీవిలో రీసెర్చ్ కోసం వదిలారు, ఇప్పుడున్నవన్నీ వాటి సంతానమే. ఏది ఎవరి బిడ్డ, ఎవరితో జట్టు, ఎవరితో తగువు, అన్నీ రాసిపెట్టుకుంటూ వస్తున్నారు. రీసస్ వాటిలో పెద్దరికం మహా గట్టిది లెండి, తల్లి హోదాని బట్టే కూతురి హోదా.

2017 సెప్టెంబర్ 20న ఆ దీవి మీదికి మరియా తుఫాను వచ్చింది. 1989లో కావలి తుఫాను చూసినోళ్లకి తెలుసు, తెల్లారి లేస్తే చెట్టన్నది లేకుండా ఊరంతా బోడిగా ఎట్లా ఉంటదో. ఆ దీవిలోనూ పచ్చదనం సగానికి పైనే పోయింది, పగలు ఎండ 40 డిగ్రీలు దాటుద్ది, మిగిలిన నీడ చారెడు. ఇంక కొట్టుకుచస్తాయనే ఎవరైనా అనుకుంటారు కదా, కానీ తగువులు తగ్గాయి! పాత స్నేహాలు గట్టిపడటం కాదు, అంతకుముందు పట్టించుకోని కోతుల్ని కూడా పక్కన కూర్చోనిచ్చాయి. అలా సర్దుకుపోయిన వాటికి చావు ముప్పు 42 శాతం తక్కువని 2024లో తేల్చారు. తుఫానుకి ముందు మాత్రం ఈ సర్దుకుపోయే గుణానికీ ఆయుష్షుకీ లింకే లేదంట, నాకు అన్నిటికంటే వింతగా అనిపించింది ఇదే. గుణం అదే, చెట్లు పోయేసరికి దాని విలువ మారిపోయింది. అయితే బతికినవాటికీ ఊరికే పోలేదు, తుఫాను దాటిన కోతుల రోగనిరోధక శక్తి సగటున రెండేళ్లు ఎక్కువ ముసలిదైనట్టు కనిపించింది.

సాయంత్రం ఎండ తగ్గగానే మన గండుకోతి మళ్లీ పళ్లు చూపించడం మొదలెట్టింది. ఆ దీవిలో నీడ పంచుకున్నవి మాత్రం ఎండ ఎక్కకముందు, పొద్దుటి చల్లపూట కూడా పక్కపక్కనే కనిపించాయంట.