క్రెష్‌కు గ్రాంట్ ప్రపోజల్: ఆదోని వైపు వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో పనిచేసే చిన్న స్వచ్ఛంద సంస్థలకు నిధులు అడిగే ప్రపోజల్స్ రాసిపెట్టడం నా పని. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద వైపు ఎవరు క్రెష్, అంటే తల్లులు పనికి పోయినప్పుడు పిల్లల్ని చూసుకునే శిశు సంరక్షణ కేంద్రం, పెట్టాలనుకున్నా దాదాపు ఈ కింది మాటలే నా ముందు పెడతారు. చాలావరకు ఎవరో చెప్పగా విన్నవే. వాటిని నమ్మి మంచి ఆలోచనను కాగితం దాకా కూడా రానివ్వరు. అది చూస్తే బాధేస్తుంది.

అపోహ: మంచి ఇంగ్లీషులో, మనసు కరిగేలా రాస్తే డబ్బులు వస్తాయి.

వాస్తవం: నిధులిచ్చేవాళ్లు అలాంటివి ఎన్నో చదివి ఉంటారు. వాళ్లకు కావాల్సింది లెక్క. ఊళ్లో ఆరేళ్లలోపు పిల్లలు ఎంతమంది? అందులో మూడేళ్లు నిండనివాళ్లు ఎందరు? తల్లులు ఎన్నింటికి పనికి పోయి ఎన్నింటికి తిరిగొస్తారు? అంతసేపూ ఇప్పుడు బిడ్డను ఎవరు చూస్తున్నారు? ఇల్లిల్లూ తిరిగితే తప్ప ఇవి తెలియవు. పొద్దున ఏడింటికే కూలి ఆటో ఎక్కే తల్లికి తొమ్మిదిన్నరకు తెరిచే కేంద్రం ఎందుకూ పనికిరాదు. తల్లుల పని వేళలతో ఒక పట్టిక వేయండి. చదివేవాళ్లు ముందు ఆగేది అక్కడే.

సుగ్గి, అంటే పని సీజన్‌లో పోయే వలస, సంగతి ఆ పట్టికలోనే రావాలి. మిరపకోతలకు కుటుంబాలు గుంటూరు వైపు కదిలితే బడి ఈడు పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. చంటిపిల్లలకు అవి పనికిరావు, తల్లితోనే పోతారు. పాలు మానని బిడ్డనెత్తుకొని బయల్దేరే తల్లులు "పసిపిల్లోన్ని యాడ ఇడిసిపెట్టి పోవల్ల అక్కా?" అని అడుగుతారు. కాబట్టి ఏడాది పొడుగునా 25 మంది పిల్లలు ఉంటారని రాస్తే, ఫిబ్రవరిలో చూడటానికి వచ్చినవాళ్లకు సగం ఖాళీ గది కనిపిస్తుంది. నెలనెలా హాజరు అంచనా వేరువేరుగా రాయండి, తగ్గే నెలలకు కారణం చెప్పండి. ఇంకొక మాట. క్రెష్ పెడితే వలస ఆగిపోతుందని మాత్రం రాయొద్దు. అప్పులు, వానలు, ఇక్కడి కూలి రేట్లు క్రెష్ చేతిలో లేవు. అవ్వ దగ్గరో పెద్దమ్మ దగ్గరో ఉండిపోయిన బిడ్డకు వేళకు తిండి, చూసే మనిషి దొరకడం మన చేతిలో ఉంది. అంతవరకే హామీ ఇవ్వండి.

అపోహ: ఊళ్లో అంగన్‌వాడీ ఉంటే క్రెష్‌కు ఎవరూ ఇవ్వరు.

వాస్తవం: అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైంది. దాని కింద మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు కేంద్రంలో భోజనం, ఆటపాటల చదువు ఉంటాయి. మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చేది ఇంటికి తీసుకెళ్లే పోషకాహారం. ఎనిమిది నెలల బిడ్డను పగలంతా చూసుకునే ఏర్పాటు మామూలు అంగన్‌వాడీలో లేదు. ఈ లోటును కేంద్ర ప్రభుత్వమే గుర్తించి మహిళల కోసం పెట్టిన మిషన్ శక్తి పథకంలో 'పాల్నా' పేరుతో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లు పెట్టింది. మీ ఊళ్లో అది ఉందో లేదో సీడీపీఓ (అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు అధికారి) ఆఫీసులో అడిగి ఆ విషయం రాయండి. అంగన్‌వాడీని తప్పుపడుతూ ఒక్క వాక్యం కూడా వద్దు. బరువులు తూచడం, టీకాలు ఆ టీచరమ్మతో కలిసి ఎలా చేస్తారో రాసి, కుదిరితే ఆమె దగ్గర ఒక లెటర్ తీసుకోండి.

అపోహ: ఫ్యాక్టరీలో క్రెష్ పెట్టిస్తే ఆ ఖర్చు యాజమాన్యానికి సీఎస్ఆర్ (కంపెనీలు లాభాల్లో కొంత సమాజం కోసం పెట్టే ఖర్చు) లెక్కలోకి వస్తుంది.

వాస్తవం: రాదు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం ఇవ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పని సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. సొంత ఉద్యోగులకు మేలు చేసే పనీ రాదు. సీఎస్ఆర్ అడిగేటప్పుడు చుట్టుపక్కల వాడల్లోని కూలీల పిల్లల కోసం అడగండి.

అపోహ: సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితా అయిన కంపెనీల చట్టం షెడ్యూల్ 7లో 'డే కేర్ సెంటర్లు' అని ఉంది, అది రాస్తే చాలు.

వాస్తవం: ఆ మాట అక్కడ వృద్ధుల కోసం ఉంది. మీ పనిని పోషకాహార లోపం, ఆరోగ్యం, విద్య అనే అంశాల కింద చూపించండి.

అపోహ: జీతాలు అడగకూడదు, అడిగినా ఐదు శాతం దాటకూడదు.

వాస్తవం: నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. సీఎస్ఆర్ నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు. ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చు అందులోకి రాదు. క్రెష్‌లో జరిగే పనంటే ఆయమ్మ చేసే పనే. తినిపించేది, కడిగేది, నిద్రపుచ్చేది, జ్వరమొస్తే ముందు పసిగట్టేది ఆమె. ఆమె జీతం కోసి బొమ్మలు, రంగులు, బోర్డు ఖర్చు పెంచిన బడ్జెట్‌లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అలాంటి చోట ఆయమ్మ ఎక్కువ కాలం నిలవదు, కొత్త మనిషిని చూసి పిల్లలు మళ్లీ ఏడుపు మొదలుపెడతారు. జీతాన్ని ప్రోగ్రామ్ ఖర్చు కిందే రాయండి. ఆమె సెలవు పెట్టిన రోజు వచ్చే మనిషికి కూలి కూడా చేర్చండి. విదేశీ నిధుల లెక్క వేరు. వాటికి వర్తించే ఎఫ్‌సీఆర్ఏ చట్టంలో పాలనా ఖర్చులకు 2020 నుంచి 20 శాతమే పరిమితి, వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయడానికీ వీల్లేదు.

అపోహ: ఏడాదికి మించి అడిగితే తిప్పి పంపుతారు.

వాస్తవం: మొదలైన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్ల వరకు సాగే ప్రాజెక్టులను సీఎస్ఆర్ నిబంధనలే ఒప్పుకుంటాయి. తల్లులకు నమ్మకం కుదరడానికే కొన్ని నెలలు పడుతుంది కాబట్టి మూడేళ్లకు అడగండి.

అపోహ: కొత్త సంస్థకు దారే లేదు.

వాస్తవం: కంపెనీ తాను పెట్టని సంస్థకు పని అప్పగించాలంటే ఆ సంస్థకు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థలు తీసుకునే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ ఉండాలి. అందుకే ఇవన్నీ ఉన్న సంస్థ తరఫున ఊళ్లో కేంద్రం నడిపే బాధ్యత మీరు తీసుకోవచ్చు. లేదా ఊరివాళ్ల చందాలతో ఒక గది అద్దెకు తీసుకుని పదిమంది పిల్లలతో మొదలుపెట్టండి. మొదటి రోజు నుంచే హాజరు పుస్తకం, నెలనెలా బరువుల చార్టు, ప్రతి ఖర్చుకూ బిల్లు, ఏటా ఆడిట్ ఉండాలి. మూడేళ్ల అనుభవానికి రుజువు అడిగినప్పుడు మీరు చూపించాల్సినవి అవే.