తలనొప్పికి డిప్రెషన్ మాత్ర ఎందుకు రాస్తారు?

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా పిన్ని కూతురు ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, తలనొప్పని వెళ్తే డాక్టరు గారు డిప్రెషన్ మందు రాశారు. నా మనసు బాలేదనా?" అంటూ ఏడ్చింది. చీటీలో ఉన్నది అమిట్రిప్టిలిన్, 10 మిల్లీగ్రాములు, రాత్రికి ఒకటి.

రెండేళ్లుగా, తువ్వాలు బిగించి కట్టినట్టు తలంతా పట్టేస్తోంది తనకి. వాంతులుండవు, మెట్లెక్కితే ఎక్కువవదు. మూడు నెలలకు పైగా, నెలకు 15 రోజులో అంతకన్నా ఎక్కువో ఇలా వస్తుంటే దీర్ఘకాలిక టెన్షన్ తలనొప్పి అంటారు. మెదడు, మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్ ఆసుపత్రి వైద్యులు బెంగళూరులోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ 2,329 మందిని అడిగితే, ఏదో ఒక తలనొప్పితో నెలలో సగం రోజులు బాధపడేవాళ్లు నూటికి ముగ్గురు తేలారు.

పేరులో టెన్షన్ ఉందని, ఇదంతా మనసు పుట్టించేదే అనుకోకూడదు. మెడ, కణతల కండరాల నుంచి నొప్పి సంకేతాలు వెళ్లీ వెళ్లీ వెన్నుపాములో, మెదడులో ఆ దారి అతి సున్నితంగా తయారవుతుందని పరిశోధకుల అభిప్రాయం. అప్పుడు కాస్త బిగువు కూడా నొప్పిగానే తెలుస్తుంది. అమిట్రిప్టిలిన్ పనిచేసేది ఆ దారి మీదే. ఇది ఈ తలనొప్పిని తగ్గిస్తుందని 1964లోనే ఆస్ట్రేలియాలో జేమ్స్ లాన్స్, కరన్ అనే పరిశోధకులు చూపించారు. 1996లో డెన్మార్క్‌లో డిప్రెషన్ లేని రోగులకే ఇచ్చి చూశారు. అమిట్రిప్టిలిన్ నొప్పిని తగ్గించింది, సిటలోప్రామ్ అనే మరో డిప్రెషన్ మందు తగ్గించలేదు. అంటే గుణం దిగులు పోవడం వల్ల వచ్చింది కాదు. మా చెల్లికి నేను పదే పదే చెప్పింది ఇదే.

ఇది నొప్పి వచ్చినప్పుడు వేసుకునే మాత్ర కాదు. రోజూ వేసుకోవాలి, గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదట్లో నోరు ఎండిపోతుంది, పొద్దున మత్తుగా ఉంటుంది, మలబద్ధకం, బరువు పెరగడం కూడా ఉండొచ్చు. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), గుండె లయ సమస్య, ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. ఇది పడకపోతే మిర్టజపిన్, వెన్లఫాక్సిన్ అనే వేరే మందులున్నాయి.

మా చెల్లి దాచిన సంగతి ఇంకొకటుంది. మెడికల్ షాపులో కొన్న పారాసెటమాల్ దాదాపు రోజూ వేసుకునేది. నెలకు 15 రోజులు, అలా నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తేవొచ్చు. అవి తగ్గించకపోతే, నొప్పి రాకుండా రోజూ వేసుకునే అమిట్రిప్టిలిన్ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు.

ఇప్పుడు తను నొప్పి వచ్చిన రోజునల్లా క్యాలెండర్‌లో గీత పెడుతోంది. గీతలు తగ్గితే ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు మాత్రను మెల్లగా తగ్గించి చూస్తారు.